లసుమవ్వ చెద్దరు

జగిత్యాల పాత బస్టాండు వెనక, జిరాక్స్ సెంటర్ మీది గదిలో సుమిత్ర డిటెక్టివ్ ఏజెన్సీ నడుస్తుంది. ఏడాది పొడవునా పెళ్లి సంబంధాల ఎంక్వయిరీలు, గల్ఫ్ ఏజెంట్ల ఎంక్వయిరీలే. సుమిత్రది సిరిసిల్లలో మగ్గాల ఇల్లు. ఏ గుడ్డ కనిపించినా రెండు వేళ్ల మధ్య నలిపి చూడనిదే ఆమెకు తోచదు. అసిస్టెంటు సురేందర్ దుబాయిలో తొమ్మిదేళ్లు సీసీ కెమెరాల స్క్రీన్ల ముందు కూర్చొని వచ్చినవాడు. మేడంకు తెలియనిది ఈ భూమ్మీద లేదని అతని గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి అప్పుడప్పుడు దెబ్బ తగిలినా పైకి చెప్పడు.

డిసెంబరు ఇరవై మూడు పొద్దున కృపారాణి ఆ మెట్లెక్కి వచ్చింది. జగిత్యాలలోనే ఒక ఆస్పత్రిలో నర్సు.

"మా బాపును దొంగ అంటున్నరు మేడం. రేపు పదింటికి చర్చి ముంగట పంచాయితి. సంఘంల నుంచి ఎల్లగొట్టి పోలీసులకు అప్పజెప్తరట."

"కూసో చెల్లె. ముందుగాల నీళ్లు తాగు. ఏం దొంగతనమైంది?"

"చెద్దరు."

"ఒక్క చెద్దరా?" సురేందర్ నవ్వబోయాడు.

"అది లేక మనిషి సచ్చిపోయింది అన్నా."

కృపారాణి చెప్పిన సంగతి ఇది. సిరిసిల్ల జిల్లా బోయినపల్లి దగ్గర వాళ్ల కాలనీలో నలభై ఇళ్లున్నాయి. క్రిస్మస్ వస్తున్నదని స్నేహదీప సేవా క్లబ్ వాళ్లు ఇరవై ఒకటి సాయంత్రం చలికి కప్పుకునే చెద్దర్లు పంచారు. క్లబ్ అధ్యక్షుడు రాజం, సిరిసిల్లలో మగ్గాల షెడ్డు యజమాని. కృపారాణి తండ్రి ప్రభుదాస్ క్లబ్‌కు కాలనీ తరఫున వాలంటీరు. లిస్టు రాసిందీ, జనాన్ని వరుసలో కూర్చోబెట్టిందీ ఆయనే. మర్నాడు తెల్లారేసరికి లసుమవ్వ అనే ముసలామె తన రేకుల గుడిసెలో చలికి ముడుచుకొని చచ్చిపోయి ఉంది. ఒంటి మీద గోనెసంచి. కొత్త చెద్దరు లేదు.

"రాజం సారు అచ్చి, 'మేం ఇచ్చినం, ఫోటో ఉన్నది. ఎవరింట్ల ఏమున్నదో ప్రభుదాసుకే ఎరుక, ఆయనే ఎత్తుకపోయి అమ్ముకున్నడు' అన్నడు. ఒక్కలు కూడ కాదనలే."

"మీ బాపు ఏమన్నడు?"

"నోరు తెరుస్తలేడు. గదే నా బాధ. ఇరవై నాడు పండుగ మురుకులు చేస్తుంటె నూనె పడి కుడి చెయ్యి కాలింది. కట్టు మారుస్త అంటె చెయ్యి గూడ ఇస్తలేడు."

సుమిత్ర ఫోటో అడిగింది. క్లబ్‌కు ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి ఊళ్లో అందరికన్నా ముసలి మనిషిని ముందుకు పిలిచి, అధ్యక్షుడే చెద్దరు విప్పి, సన్మానానికి శాలువా కప్పినట్టు కప్పుతాడు. ఆ ఫోటోనే గ్రూపుల్లో తిరుగుతుంది, ఫ్లెక్సీ అయి చౌరస్తాలో వేలాడుతుంది. ఈ ఫోటోలో లసుమవ్వ భుజాల మీద ఎర్రగళ్ల చెద్దరు ఉంది. దాన్ని ఆమె రెండు పిడికిళ్లతో పట్టుకుంది. నోరు తెరిచి ఉంది, కళ్ల నిండా నీళ్లు. పక్కన రాజం చేతులు జోడించి నవ్వుతున్నాడు. ఓ పక్క నుంచి కట్టు కట్టిన చెయ్యి ఒకటి చెద్దరు అంచు పట్టుకొని ఉంది. కింద 'అవ్వ కళ్లలో ఆనందబాష్పాలు' అని రాశారు.

"గీ చెయ్యి మీ బాపుదేనా?"

"అవును మేడం. నేను గప్పుడు డ్యూటీల ఉన్న. కప్పేటప్పుడు సాయం పట్టిండట."

అదే క్లబ్ పంతొమ్మిదిన జగిత్యాలలో, ఇరవైన కోరుట్లలో చెద్దర్లు పంచిన ఫోటోలు సుమిత్ర సురేందర్ చేత వెతికించింది. మూడింటినీ పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు చూసింది.

"బండి తియ్యి. కోరుట్లకు పోదాం."

కోరుట్ల ఫోటోలో ఉన్న రాజవ్వ వాకిట్లో బీడీలు చుడుతోంది.

"అవ్వా, మొన్న నీకు చెద్దరు ఇచ్చిన్రట గద?"

"ఇచ్చిన్రు బిడ్డా. మంచోళ్లు."

"ఒక్కసారి చూపియ్యి."

"ఉతికిన."

"దండెం మీద లేదు మరి."

రాజవ్వ వేళ్లు ఆగిపోయాయి. "లిస్టుల పేరు కొట్టేస్తరు బిడ్డా. నన్నేం అడగకు."

సాయంత్రానికి ఇద్దరూ కాలనీ చేరారు. లసుమవ్వ గుడిసెలో సుమిత్ర వెతికింది కొద్దిసేపే. నిరుడు క్లబ్ ఇచ్చిన చీర తాలూకు ప్లాస్టిక్ కవరు మడత నలగకుండా ఉంది, అందులో రేషన్ కార్డు. ఈ ఏటి చెద్దరు కవరు మాత్రం ఎక్కడా లేదు.

"దొంగ చెద్దరు ఎత్తుకపోతడు మేడం. కవర్ ఎందుకు తీస్కపోతడు?" అన్నాడు సురేందర్.

"గిప్పుడు నువ్వు మంచి ప్రశ్న అడిగినవ్," అంది సుమిత్ర. ఆ మెప్పుకు సురేందర్ వారం దాకా పొంగిపోయేవాడే. కానీ ఆమె ముఖంలో సంతోషం లేకపోవడం చూసి ఊరుకున్నాడు.

మర్నాడు పదింటికి చర్చి ముందు షామియానా కింద కాలనీ అంతా చేరింది. రాజం కేకు డబ్బాలతో దిగాడు. వెంట క్లబ్ ఫోటోగ్రాఫర్ సురేశ్. ప్రభుదాస్ ఒక గుంజకు ఆనుకొని నేల మీద కూర్చున్నాడు. సంఘ పెద్ద సంజీవ్ ఇంకా గొంతు సవరించుకుంటుండగానే సుమిత్ర మూడు ఫోటోలు బల్ల మీద పరిచింది.

"చెద్దరు చివర నుంచి జానెడు లోపట చూడుండ్రి. సన్నటి తెల్ల గీత. మూడు గళ్ల దాక పోయి ఆగింది. జగిత్యాల అవ్వ మీద గదే గీత, కోరుట్ల అవ్వ మీద గదే, లసుమవ్వ మీద గదే."

రాజం నవ్వాడు. "మా షెడ్ల నేసినయే గదా మేడం. మగ్గం మీద పోగు తెగితె అన్ని చెద్దర్లకు గట్లనే వస్తది. సిరిసిల్ల బిడ్డవు, గా మాత్రం తెల్వదా?"

"తెలుసు గనుకనే అచ్చిన. పడుగు పోగు తెగితె గీత నిలువుగ పడ్తది, గజాలకు గజాలు పోతది. గిది అడ్డగీత. అడ్డం నేసే పేక తప్పింది. గిట్ల తప్పింది ఒక్క చెద్దరులనే ఉంటది. మూడు ఊర్లు తిరిగింది ఒక్కటే చెద్దరు సారూ. ఫోటో తియ్యంగనే అందరి చెద్దర్లు వాపసు తీస్కొని, మూట గట్టి ఇంకో ఊరికి తీస్కపోయిన్రు. గందుకే అవ్వ ఇంట్ల కవర్ లేదు. గీ నలభై ఇండ్లల్ల ఎవలింట్లనన్న ఒక్క కొత్త చెద్దరు ఉంటె తెచ్చి చూపియ్యుండ్రి."

ఎవరూ లేవలేదు. తలలు వంచుకున్నారు. రాజం గొంతు మారింది.

"సరుకు లేటయ్యింది. ఫోటోలు ముందుగాల తీసుకున్నం, తప్పేంది? పండుగ నాడు అందరికి ఇద్దామనే అనుకున్న. ముసల్ది నాలుగొద్దులు ఆగకపాయె. చలికి సచ్చింది. చలి మీద కేసు పెడ్తవా?"

"మరి మా బాపును దొంగను ఎందుకు చేసినవ్?" కృపారాణి లేచి అరిచింది. రెండు రోజుల ఏడుపు ఒక్కసారే పొంగింది. వంగి తండ్రి భుజం పట్టుకుంది. "లే బాపు. నువ్వు దొంగవు కావు. అందరు ఇన్నరు." మళ్లీ రాజం వైపు తిరిగింది. "చెప్పు సారూ! ముసలి మనిషి మీదికెల్లి చెద్దరు తీసుకునేతందుకు ఎవరికి చేతులొచ్చినయ్?"

రాజం ప్రభుదాస్ వైపు చూశాడు, అంతే.

సుమిత్ర అక్కడితో ఆపాలనుకుంది. ఆపలేకపోయింది.

"సురేశ్, గీ ఫోటో కప్పంగ తీసినవా?"

ఫోటోగ్రాఫర్ కెమెరా బెల్టు నలిపాడు.

"కప్పే చెయ్యి గుడ్డను భుజం మీదికి జరుపుతది. గీ చెయ్యి అంచును పిడికిట్ల చుట్టుకున్నది. ముడతలన్నీ గా చేతి దిక్కే బిగిసినయ్. అవ్వ రెండు చేతుల్తోటి ఎందుకు పట్టుకున్నది?"

"గుంజంగ తీసిన మేడం," అన్నాడు సురేశ్ మెల్లగా. "కప్పినప్పుడు అవ్వ మొకంల ఏం లేకుండె. గుంజేటప్పుడే... ఫోటో మంచిగచ్చింది."

ప్రభుదాస్ మూడు రోజుల తర్వాత మొదటిసారి నోరు విప్పాడు.

"అందరికి వస్తయన్నరు బిడ్డా. వాపసు ఇయ్యకుంటె కాలనీ పేరే తీసేస్తమన్నరు. అందరు ఇచ్చిన్రు. అవ్వ ఇయ్యలే. 'గీ ఒక్క రాత్రి ఉండనియ్యి కొడుకా, తెల్లారి నేనే తెచ్చిస్త' అన్నది." కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి లాక్కున్నాడు. "గీ చేత్తోనే గుంజిన."

కృపారాణి తండ్రి భుజం మీది చెయ్యి తీసేసింది.

"దొంగవైనా బాగుండు బాపు. దొంగ మొకం సూడకుండ ఎత్తుకపోతడు."

సంజీవ్ లేచి, ప్రభుదాస్ దొంగ కాదని సంఘం తరఫున ప్రకటించాడు. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. కాసేపటికి కేకు కోసం వరుస కట్టారు.

క్రిస్మస్ నాడు నిజంగానే ఆటోలో చెద్దర్లు దిగాయి. లిస్టులో ఒక పేరు కొట్టేసి ముప్ఫై తొమ్మిది తెచ్చారు. ఆ సంగతి ఇరవై ఆరు పొద్దున కృపారాణి ఫోన్ చేసి చెప్పింది.

"మాకు గూడ ఒకటి ఇచ్చిన్రు మేడం. చివర్ల అడ్డంగ తెల్ల గీత ఉన్నది. మూడు గళ్ల దాక."

సుమిత్ర అడిగింది. "మీ బాపు చూసిండా?"

"చూసిండు. ముట్టలే. చలికి వణుక్కుంట అట్లనే పండుకున్నడు."

"మరి దాన్ని ఏం జేసినవ్ చెల్లె?"

"రాత్రి బాగ చలి పెట్టింది మేడం," అంది కృపారాణి. "కప్పుకున్న."