అనురాగ్ తెలుగులో చెప్పిన సినిమా

తొంభై ఏడులో అనుకుంటా, ఒక ఆదివారం. చిక్కడపల్లిలో జగన్మోహన్ గారింట్లో పొద్దున్నే ఇడ్లీలు తిని, నారాయణగూడ నుంచి కిరాయికి తెచ్చిన వీసీఆర్ ముందు అందరూ కూర్చున్నారు. నాలుగింటికి అశోక్‌నగర్‌లో రమ్య అనే అమ్మాయిని కొడుకు అనురాగ్ కోసం పెళ్ళిచూపులు చూడ్డానికి పోవాలి. ఈలోగా ఒక సినిమా అయిపోతుంది కదా అని.

ఆ ఇంట్లో ఇంగ్లీషు సినిమాకు ఒక పద్ధతి ఉంది. నానమ్మ యశోదమ్మకు ఆ భాష రాదు, తల్లి రాజకుమారికి అంతంతే. అందుకని ఇరవై ఏడేళ్ళ అనురాగ్ టీవీ పక్కన స్టూలు వేసుకుని ఒక్కో మాటా తెలుగులో చెబుతాడు. చిన్నప్పటి నుంచీ అంతే. ఆడవాళ్ళ మాటలు సన్నగా, దొంగల మాటలు లావుగా.

అది నవ్వుల సినిమా. తల్లి సంబంధాలు చూస్తుంటుంది, కొడుకు తప్పించుకుంటుంటాడు. వాడు కిటికీలోంచి దూకి బురదలో పడితే యశోదమ్మ దగ్గు వచ్చేదాకా నవ్వింది. తర్వాత ఆ సినిమాలో తల్లీకొడుకులు వంటింట్లో ఎదురెదురుగా కూర్చున్నారు. కొడుకు ఏదో అన్నాడు. అనురాగ్ స్టూలు కొంచెం ముందుకు జరుపుకున్నాడు.

"ఏమన్నడురా?" అంది రాజకుమారి.

"అమ్మా, నాకు పెళ్ళొద్దు. నా మనసు ఆడపిల్లల మీదికి పోదు, మొగోళ్ళ మీదికే పోతది, అన్నడు."

"హవ్వ! గిదేం సినిమారా! ఇంకేమంటుండు?"

"ఇంటర్ నుంచి తెలుసు నాకు. మారుతనేమో అని చూసిన, మారలె. ఆ అమ్మాయిని చేసుకుంటే ఆమె బతుకు గూడ ఖరాబైతది. నన్ను మాత్రం ఇంట్లకెళ్ళి బయటికి పొమ్మనకుండ్రి..."

యశోదమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది. "ఏందిరా, ఆ పిలగాడు ఎప్పుడో బయటికి పోయిండు. టీవీల కుక్క ఒక్కటే ఉంది. ఎవరియిరా ఈ మాటలు?"

"నావే నానమ్మా."

జగన్మోహన్ లేచి టీవీ బంద్ చేశాడు. "తమాషానా? వాళ్ళకు మాటిచ్చిన! పద, డాక్టర్‌కు చూపిద్దాం."

"చూపించుకున్న నాన్నా, హిమాయత్‌నగర్‌ల. రోగం కాదన్నడు."

"మరి ఇన్నేండ్లు నోరెందుకు మూసుకున్నవ్?"

"నా మాటగా చెప్పబోతే గొంతు దాటలె."

రాజకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పదేండ్లు! నేను ఫొటోలు ముందర పెట్టి పరాచికాలాడుతుంటే నువ్వు గూడ నవ్వినవ్ గద బిడ్డా!" అని ఏడ్చింది. ఏడుస్తూనే కొడుకు తల దగ్గరికి తీసుకుంది.

జగన్మోహన్ వరండాలో చెప్పులేసుకుంటున్నాడు.

"యాడికి?" అంది యశోదమ్మ.

"అశోక్‌నగర్‌కు. ఆ పిల్ల తయారై కూసోకముందే చెప్పాలె. ఆమెదేం తప్పు?"

"ఏమని చెప్తవ్?"

"తొవ్వల ఆలోచిస్త."

"నేను గూడ వస్త నాన్నా," అన్నాడు అనురాగ్.

జగన్మోహన్ బయటికి నడిచాడు. స్కూటర్ వంచి నాలుగుసార్లు కిక్ కొట్టాడు. అది మొదలయ్యాక, ముందుకే చూస్తూ అన్నాడు:

"నాకేం సమజ్ కాలె. ఎప్పటికైతదో గూడ తెల్వదు. గానీ ఇంట్లకెళ్ళి పొమ్మంటనని ఎట్ల అనుకున్నవ్‌రా? ఎక్కు."