ఇంటికి నలభై నిమిషాలు

ఉదయం ఏడింటికి చేప ముక్కల గంజి డబ్బాతో సూచిన్ ఆస్పత్రిలో మూడో గదిలోకి వచ్చేసరికి తండ్రి మేలుకునే ఉన్నాడు. రెండు చెంచాలు మింగి, రోజూ అడిగేదే అడిగాడు, ఇంటికెప్పుడని.

"వచ్చేవారం నాన్నా. కాస్త ఓపిక రానీ."

దుప్పటి సర్దుతూ ఆయన కాళ్లు తడిమింది. మోకాళ్ల దాకా చల్లబడ్డాయి. ఆ చల్లదనానికి అర్థమేమిటో ఇరవై రెండేళ్లుగా తెలిసిన చెయ్యి అది. ఇంక గంటలే.

తైనాన్ నగరంలోని ఆ ఆస్పత్రిలో, చివరి రోజుల రోగులుండే వార్డుకి ఆమె హెడ్‌నర్సు. ఆమె పెట్టిన నియమం ఒకటే. అడిగిన రోగికి అబద్ధం చెప్పకూడదు. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, దేనికి భయపడుతున్నారో కనుక్కోవాలి. తండ్రిని చేర్చిన రోజు మాత్రం నర్సులందర్నీ పిలిచి, ఆయన అడిగితే వచ్చేవారమని చెప్పమంది. ఎవరూ నోరెత్తలేదు.

ఆ పొద్దున పేయూ నోరెత్తింది. నర్సుగా చేరి ఏడాది కూడా కాని పిల్ల. డ్యూటీ ఒప్పజెప్పి అందరూ వెళ్లినా కదల్లేదు.

"అక్కా, నన్ను మూడో గదికి వెయ్యకండి."

"ఎందుకని?"

"తాతయ్య భయం చావు గురించి కాదు. ఇక్కడ ఆస్పత్రిలో పోతే, ఆచారం ప్రకారం శవాన్ని ఇంటి గడప దాటనివ్వరటగా. తను కట్టిన ఇంటి బయటే గుడారంలో పడుండాలా అని నన్నడిగారు. నేనేం చెప్పనక్కా? మీరు నేర్పిందా, మీరు చెప్పమన్నదా?"

నీ పని నువ్వు చూసుకో అనబోయి ఆగింది సూచిన్. చివరి ఊపిరి ఇంట్లో విడవాలని ఎన్ని కుటుంబాలను వేళకు పంపలేదు తను! తన ఇంటి దగ్గరికొచ్చేసరికి, ఇక ఇంటికి తీసుకెళ్లే వేళైందని నోటితో అంటే తండ్రిని తనే సాగనంపినట్టవుతుందని వారంగా వణికిపోతోంది.

నాన్నని ఇవాళే ఇంటికి తీసుకెళ్దామని అన్న కువోషింగ్‌కి ఫోన్ చేసింది. వస్తూనే అతను అడ్డం తిరిగాడు. ఊపిరికి గొట్టం వేయించి ఇంకో నాలుగు రోజులు నిలపమన్నాడు.

"దారి నలభై నిమిషాలు. మధ్యలో ఊపిరి ఆగితే అటు ఇల్లూ కాదు, ఇటు ఆస్పత్రీ కాదు. ఆ పాపం నువ్వు మోస్తావా?"

"నాకూ అదే భయం అన్నయ్యా. ఆయన్నే అడుగుదాం."

మంచం పక్కన కూర్చుని తండ్రి చెయ్యి పట్టుకుంది. నర్సులకు నేర్పిన మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"నాన్నా, వచ్చేవారం దాకా నువ్వుండవు. నీకు అబద్ధం చెప్పాను."

ముసలాయన ఆమె వైపు తల తిప్పాడు.

"తెలుసు. ఈ వార్డులో అబద్ధం చెప్పడం చేతకానిది నీకొక్కదానికే." ఊపిరి తీసుకుని అన్నాడు, "దారిలో పోయినా సరే. బయల్దేరండి."

కువోషింగ్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. అతని భుజాలు కదిలిపోతున్నాయి.

డ్యూటీ అయిపోయినా పేయూ అంబులెన్సు ఎక్కింది. ఆక్సిజన్ తనే చూసుకుంటానంది. అలవాటుగా నాడి మీదికి వెళ్లిన సూచిన్ చేతిని మెల్లగా తీసి, తండ్రి అరచేతిలో పెట్టింది.

"ఇది నా పనక్కా. మీరు కూతురుగా కూర్చోండి."

పోయేవాళ్ల ఆత్మ దారి తప్పకుండా, ఎక్కడికొచ్చామో మలుపు మలుపుకీ చెప్పాలన్నది ఆచారం. సూచిన్ మొదలుపెట్టింది. "నాన్నా, వంతెన దాటుతున్నాం." ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. ఒకసారి ఎంతసేపటికీ ఊపిరి రాలేదు. సూచిన్ దారి చెప్పడం ఆపేసింది.

అప్పుడు ముందు సీట్లోంచి కువోషింగ్ కేకేశాడు. "నాన్నా, ఉప్పుమడులు దాటాం. మన చెరువు గట్టెక్కాం. ఇంకొక్క మలుపే."

గుర్రుమంటూ ఊపిరి తిరిగొచ్చింది.

ఇల్లు చేరాక ముందు గదిలో, చివరి ఘడియల కోసం పరిచిన చెక్క మీద ఆయన్ని పడుకోబెట్టారు. సూచిన్ ఆయన చెవి దగ్గరికి వంగింది.

"గడప దాటాం నాన్నా. ఇంట్లోనే ఉన్నావు."

ఆమె వేళ్లను ఆయన ఒకసారి నొక్కాడు. నుదుటి ముడతలు విడిపోయాయి. వారంగా బిగబట్టిన ఏడుపు, అన్న భుజం మీద, అప్పుడు వచ్చింది సూచిన్‌కి.