కిటికీ వెనక పిట్ట

ఆమెను చూసి మైమరచి ఈల వేయడమే అతను చేసిన తప్పు.

అతని కళ్ళజోళ్ళ షాపు వెనక కిటికీ తీస్తే గ్రంథాలయం పెరడు. అక్కడ శనివారం పొద్దున్నే పిల్లల ప్రకృతి క్లబ్బు. దాన్ని నడిపేది గ్రంథాలయంలో పనిచేసే అమ్మాయి. పిల్లలందరికీ ఆమె అక్క. ఆవేళ సన్నటి తుంపర పడుతోంది. అద్దం తుడుస్తూ, ఆమెను చూస్తూ, తనకు తెలియకుండానే అతను ఈల వేశాడు.

"అక్కా, కొత్త పిట్ట!"

"ష్... కదలకండి!" ఆమె కళ్ళు ఇంతలేసి అయ్యాయి. అతను నాలుక కరుచుకుని బల్ల కిందికి దూరాడు. కానీ ఆ కళ్ళు వారమంతా కలలోకి వచ్చాయి. మరో రెండు శనివారాలు కావాలనే ఈల వేశాడు.

ఆ తర్వాతి సోమవారం ఆమె బైనాక్యులర్స్‌తో షాపుకే వచ్చింది. "ఇది మసగ్గా ఉందండీ. త్వరగా చూసిపెట్టరూ?"

"అంత తొందరేంటండీ?"

"మా పెరట్లో కూసే పిట్ట ఏ పుస్తకంలోనూ లేదు. పిల్లల పేర్లన్నీ వేసి రేపే పక్షుల సంఘానికి ఉత్తరం రాస్తున్నా!"

అతను ఇరకాటంలో పడ్డాడు. చెప్పకపోతే ఆమె నవ్వులపాలవుతుంది. చెబితే ఇక తన మొహం చూడదు.

"ఆ ఉత్తరం పంపకండి. ఆ పిట్ట... నేనేనండీ."

ఆమె పకపకా నవ్వింది. అతను మెల్లగా ఈల వేశాడు. నవ్వు ఆగిపోయింది.

"పన్నెండు మంది పిల్లలు దాని బొమ్మలు కూడా వేశారు తెలుసా? నాకు కాదు, వాళ్ళకి చెప్పండి!" బైనాక్యులర్స్ కూడా తీసుకోకుండా వానలోకి వెళ్ళిపోయింది.

శనివారం అతను పిల్లల ముందు నిలబడి అంతా చెప్పి, తడి బెంచీ మీద కూలబడ్డాడు. పిల్లల మొహాలు చిన్నబోయాయి.

"నేను నీలం రెక్కలు వేశాను," అంది రెండు జడల పిల్ల ఏడుపు గొంతుతో.

అందరిలోకీ పెద్దపిల్ల మాత్రం నోట్‌బుక్ తిరగేసింది. "మగపిట్ట ఎందుకు కూస్తుందో అక్క మాకు చెప్పింది. మరి మీరెందుకు కూశారు?"

దొరికిపోయాడు. ఇక దాచి ఏం లాభం? "అందుకే. మీ అక్క కోసమే."

ఆకుల మీంచి చినుకులు జారుతున్నాయి. పిల్లల వెనక నిలబడ్డ ఆమె చెంపలు ఎర్రబడ్డాయి.

"అప్పుడు ఆడపిట్ట ఏం చేస్తుందక్కా?"

"కూత నచ్చకపోతే ఎగిరిపోతుంది."

"నచ్చితే?"

ఆమె అతన్ని చాలాసేపు చూసింది. కోపం ఎక్కడో కరిగిపోయినట్టుంది. వచ్చి అదే బెంచీ మీద, అతని పక్కనే కూర్చుంది.

"రాసుకోండి," అంది నేల చూపులు చూస్తూ.

రెండు జడల పిల్ల కళ్ళు తుడుచుకుని పెన్సిల్ తీసింది. "పిట్ట పేరేమని రాయాలక్కా, బావ అనా?"