హాల్వర్ ఒంపులో కాఫీ

ఆ సరస్సు మీద ఎక్కడైనా గుడిసె వేసుకోవచ్చు గానీ, హాల్వర్ ఒంపులో మాత్రం వెయ్యకూడదంటారు.

అమెరికాలో మినసోటా ఉత్తరాన చలి ముదిరిందంటే సరస్సంతా లారీలు తిరిగేంత గట్టిగా గడ్డకడుతుంది. జనం చెక్క గుడిసెలు దాని మీదికి లాక్కెళ్ళి, పొయ్యి రాజేసుకుని, మంచులో కన్నం చేసి గాలాలు వదులుకుని కూర్చుంటారు. ఒక గుడిసెవాళ్ళు ఇంకో గుడిసెకి కాఫీకి వెళ్తారు. వెళ్ళేటప్పుడు ఎవరి కప్పు వాళ్ళే పట్టుకెళ్ళాలి. అది అక్కడి మర్యాద.

హాల్వర్ మాత్రం ఎవరి గుడిసెకీ వెళ్ళేవాడు కాదట. పెళ్ళాం పోయాక ఆ ఒంపులో ఒక్కడే కూర్చున్నాడు. కాఫీకి రమ్మని ఎందరు తలుపు తట్టినా తియ్యలేదు. మంచు కరిగే రోజులొచ్చాయి. అందరూ గుడిసెలు ఒడ్డుకి లాగేసుకున్నారు. అతను లాగలేదు. ఒకనాడు తెల్లారి చూస్తే... గుడిసె లేదు, హాల్వర్ లేడు. నీళ్ళున్నాయి.

అప్పట్నుంచీ గట్టి చలి రాత్రుల్లో అక్కడ ఒక కిటికీలో దీపం వెలుగుతుందట — ఎవరూ వెయ్యని గుడిసెలో. బతికుండగా ఎవరి కాఫీ కూడా తాగనివాడు ఇప్పుడు తనే పిలుస్తాడట. అందర్నీ కాదు. ఒంట్లో పస, మనసులో హుషారు ఉన్నవాళ్ళకి ఆ దీపం కనబడదు. లోపల పూర్తిగా అలిసిపోయినవాళ్ళకే...

మార్లీస్ అలాగే అలిసిపోయి ఉంది.

వాళ్ళమ్మ ఏళ్ళ తరబడి మంచాన ఉండి, క్రిస్మస్ ముందు పోయింది. పగలంతా మార్లీస్ చూసుకునేది. రాత్రిళ్ళు చెల్లెలు డోరీన్ కూర్చునేది. తెల్లారి అక్క వచ్చేసరికి డోరీన్ దగ్గర ఒక జోకు సిద్ధంగా ఉండేది. "రాత్రి అమ్మ నన్ను కడుపారా తిట్టింది. నీ వాటా అట్టే పెట్టా, వెళ్ళి తీసుకో!"

అమ్మని మట్టిచేశాక మార్లీస్ కొయ్యబారిపోయింది. చెంచా చేత్తో పట్టుకుని తినడం మర్చిపోయేది. ఇలాగే వదిలేస్తే అక్క కూడా దక్కదని డోరీన్‌కి భయం పట్టుకుంది.

"ఎక్కడికైనా పోదాం పద. జూదం ఆడొద్దామా? మన ముఠా అంతా వస్తుంది. గోల గోలగా ఉంటుంది."

"అంత గోల నా వల్ల కాదే."

"పోనీ డులూత్‌లో హోటలు. వేణ్ణీళ్ళ కొలనులో బంగాళాదుంపల్లా ఉడుకుదాం."

"బట్టలు మార్చుకునే ఓపిక కూడా లేదు."

"అయితే ఇంక శవపేటికే గతి. ఉన్న ఒక్కటీ అమ్మ పట్టుకుపోయింది."

మార్లీస్‌కి నవ్వొచ్చింది. నవ్వాక ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని అంది — "మాటలు లేని చోటు కావాలి. మంచు మీద ఒక గుడిసె చాలు."

"సరే తల్లీ. ఓపికెంతో ప్రయాణమంత. నాకేం, నన్ను పెట్టెలో పడేసి తీసుకెళ్ళినా గంతులేస్తా."

ఎవరూ అడక్కుండానే అంది ఆ చివరి మాట.

గుడిసెలు అద్దెకిచ్చేది ఆర్విడ్ అనే ముసలాయన. తాళంచెవి ఇచ్చే ముందు ఎవర్నైనా ఒకటే అడుగుతాడు.

"చేపలకొచ్చారా, నిశ్శబ్దానికొచ్చారా?"

"నిశ్శబ్దానికే," అంది మార్లీస్.

ఆర్విడ్ తాళంచెవి మళ్ళీ జేబులో వేసుకున్నాడు. "అయితే ఇవ్వనమ్మా. హాల్వర్ ఒంపు ఎదురుగా ఉన్నదొక్కటే మిగిలింది. చేపలకొచ్చినవాళ్ళకైతే ఇద్దును."

"బాబాయ్, నా గురక వింటే ఆ దెయ్యమే సామాన్లు సర్దుకుని పోతుంది!" డోరీన్ ముందుకొచ్చింది. "ఇద్దరికి సరిపడా గోల నా దగ్గరుంది. ఇలా ఇవ్వు."

ఆర్విడ్ ఆమెని ఎగాదిగా చూశాడు. ఎర్రటి టోపీ, చెవుల దాకా నవ్వు. ఆయనకీ నవ్వొచ్చింది.

"నువ్వుంటే ఫర్వాలేదులే. కానీ అమ్మాయ్, మీ అక్కకి అటువైపు దీపమేదైనా కనబడిందో... గడప దాటనివ్వకు."

"గొలుసేసి కట్టేస్తా."

గుడిసెలో సామాన్లు సర్దుకుంటుంటే తెలిసింది — కాఫీ పొడి మర్చిపోయారు.

"పేకముక్కలు తెచ్చావు, బ్రాందీ తెచ్చావు, కాఫీ మర్చిపోయావుటే?"

"మంచు మీదికి కాఫీ లేకుండా వచ్చామని తెలిస్తే అమ్మ మళ్ళీ చస్తుంది."

కోకో కలుపుకుని తాగారు. కప్పులు కడిగి కొక్కేలకి తగిలించారు. పెచ్చు ఊడిన కప్పు డోరీన్‌ది.

రాత్రయింది. కింద మంచు బిగుసుకుంటూ మూలిగింది... ఆగింది... మళ్ళీ ఎక్కడో దూరాన మూలిగింది.

మార్లీస్ కిటికీ దగ్గర కూర్చుంది. వద్దనుకుంటూనే ఒంపు వైపు చూసింది. చాలాసేపు చూసింది.

చీకటి. మంచు. చుక్కలు. అంతే.

ఆమె గుండెల మీంచి బరువేదో దిగిపోయింది. దీపం లేదు. అంటే తనలో ఇంకా కాస్త పస ఉంది! తను బతుకుతుంది!

"డోరీన్! నాకేం కనబడటం లేదే!"

డోరీన్ వచ్చి వెనకే నిలబడింది. కిటికీలోంచి ఒంపు వైపే చూసింది. మార్లీస్ తల తిప్పి చూసింది. చెల్లెలి ముఖం మీద పసుపుపచ్చటి వెలుగు సన్నగా కదులుతోంది. పొయ్యి వెలుగు అనుకుంది. పొయ్యి డోరీన్ వీపు వెనకాల ఉందన్న సంగతి అప్పుడు తట్టలేదు.

"పక్కింటాయన ఇంకా పడుకోలేదే," అంది డోరీన్ మెల్లగా.

"ఏ పక్కింటాయన?"

డోరీన్ ఉలిక్కిపడింది. అంతలోనే పకపకా నవ్వింది. "బెదిరిపోయావు! మొహం చూసుకో ఒకసారి!"

"నీ జోకులు తగలెయ్య! పడుకో ఇంక."

"నువ్వు పడుకో అక్కా. రాత్రి కాపలా నాదేగా... ఎప్పుడూ."

మార్లీస్ పడుకుంది. అమ్మ మంచాన పడ్డాక ఒళ్ళు తెలియకుండా నిద్రపోవడం అదే మొదలు. ఆ నిద్రలోనే తలుపు కిర్రుమన్నట్టు, కాళ్ళకి చల్లగాలి తగిలినట్టు, ఎవరో దుప్పటి సర్దినట్టు... చెవి దగ్గర గుసగుస.

"కాఫీ వేడిగా ఉందట. తాగి వచ్చేస్తా."

కల అనుకుని పక్కకి ఒత్తిగిలింది.

తెల్లారి లేచేసరికి రెండో పడక ఖాళీ. కోటు లేదు, బూట్లు లేవు. కొక్కేలకి ఒక్క కప్పే వేలాడుతోంది.

తలుపు తీసింది. మంచు మీద అడుగులు — తిన్నగా, నింపాదిగా. దారి తప్పినవాళ్ళ అడుగులు కావవి. పిలుపందుకుని వెళ్ళినవాళ్ళవి. హాల్వర్ ఒంపులోకి.

ఆమె కేకలకి ఆర్విడ్ మంచుబండి మీద ఆదరాబాదరా వచ్చాడు. ఇద్దరూ ఆ అడుగుల వెంట వెళ్ళారు.

లారీలు తిరిగే మంచు అది. దాని మధ్యలో నలుచదరంగా నల్లటి మడుగు. సరిగ్గా ఒక గుడిసె పట్టేంత. అంచులు రంపంతో కోసినట్టున్నాయి. పైన అప్పుడే కట్టిన పల్చటి పొర, గాజు రేకులా. అడుగులు దాని అంచు దాకా వెళ్ళాయి. తిరిగొచ్చినవి ఒక్కటీ లేదు.

ఆర్విడ్ టోపీ తీశాడు.

"నిన్ను అడిగాను... ఆ పిల్లని అడగలేదమ్మా."

మార్లీస్ వినలేదు. అంచున ఉన్న కప్పునే చూస్తోంది. పెచ్చు ఊడిన కప్పు. ఉమ్మేస్తే నేల మీద పడేలోపే గడ్డకట్టే చలి అది.

మోకాళ్ళ మీద కూలబడి కప్పుని రెండు చేతులా ఎత్తుకుంది. సగం తాగేసి ఉంది. మిగిలిన సగం — నల్లటి కాఫీ.

ఇంకా పొగలొస్తున్నాయి.