కత్తిరించిన ఊపిరి

నేను సౌండ్ ఇంజినీర్ని. రికార్డింగులో చెత్త ఏరడంలో నన్ను మించినవాడు లేడని నాకో పొగరు. దాన్ని దించింది ఒక వయొలినిస్టు.

ఆమె మూడో ఆల్బమ్ మా స్టూడియోలో చేశాం. శాస్త్రీయ రాగంతో మొదలుపెట్టి, జాజ్‌లోకి తిప్పి, చివర డ్రమ్స్‌తో గంతులు వేయించే రకం. మొదటి రెండు ఆల్బమ్‌లనూ శాస్త్రీయంవాళ్లు మావి కావన్నారు, జాజ్‌వాళ్లూ మావి కావన్నారు. వయొలిన్ నేర్పిన తండ్రే వినడం మానేశారు. ఈసారి మాత్రం వింటానన్నారట. ఆమె ఆశలన్నీ ఆ ఒక్క మాట మీదే.

పదకొండు రోజులు వాయించింది. అద్దానికి ఇవతల కూర్చుని, మీటలు వదిలేసి ఆమెనే చూసేవాణ్ని. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. ఆ తర్వాత నాలుగు రోజులు చెమటోడ్చి పాటలన్నీ శుభ్రంచేసి వినిపించాను.

హెడ్‌ఫోన్స్ తీసి బల్లమీద పెట్టింది.

"ఇది నేను కాదు."

"మీరేనండీ. ఒక్క స్వరం కూడా మార్చలేదు."

"మరి నా ఊపిరేది?"

కమాను తీగల మీద ఆనించే ముందు ప్రతిసారీ ఆమె గట్టిగా ఊపిరి పీలుస్తుంది. చప్పుడు కదా అని అన్నీ కత్తిరించి పారేశానని చెప్పాను. చిన్నప్పుడు వాళ్ల నాన్న ఎదురుగా కూర్చుని, ఆయన ఊపిరి పీల్చగానే తనూ పీల్చి, ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టేవారట. ఏ సంగీతం వాయించినా ఆయన తనను గుర్తుపట్టేది దాంతోనేనట. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. వేరే స్టూడియో చూసుకుంటానంది.

ఇక దాచి లాభం లేదని కంప్యూటర్లో ఇంకో ఫోల్డర్ తెరిచాను. కత్తిరించిన ఊపిరులన్నీ తేదీలతో సహా అందులో ఉన్నాయి.

"పారేశానన్నారుగా?"

"చేతులు రాలేదండీ. పనయ్యాక రోజూ ఓసారి వినేవాణ్ని."

"పిచ్చా మీకు?"

"పదిహేను రోజుల్నుంచి."

కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. ఊపిరులన్నీ తిరిగి ఎక్కడివక్కడ పెట్టాం.

ఆదివారం తండ్రి వచ్చారు. చేతులు కట్టుకుని, ఏదో పరీక్ష పెట్టడానికి వచ్చినట్టు కూర్చున్నారు. పాట మొదలైంది. మొదటి ఊపిరి వినగానే ఆయనా ఊపిరి పీల్చారు. కట్టుకున్న చేతులు వాటంతటవే విడిపోయాయి. డ్రమ్స్ వచ్చినా ముఖం చిట్లించలేదు. అయిపోయాక, కళ్లద్దాలు తుడుచుకుంటూ మళ్లీ పెట్టమన్నారు.

రెండోసారి విన్నాక నావైపు తిరిగి, ముందు ఈ ఊపిరిని తీసేసింది నువ్వేనా అని అడిగారు. జరిగింది ఆమె ఇంట్లో చెప్పేసినట్టుంది.

"తిట్టకండి నాన్నా," అందామె తల దించుకుని. "తీసినవి దాచుకుని రోజూ వింటున్నాడు."

ఆయన కూతురి ముఖం చూశారు, నా ముఖం చూశారు.

"రికార్డింగులో ఎందుకయ్యా," అన్నారు. "సాయంత్రం ఇంటికి రా. ఎదురుగా కూర్చుని విను."