ఆరు ధ్యాసలు

చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గరి మంచుగనిలో కంట్రోల్ రూమ్ డ్యూటీ ఎక్కేవాళ్లు ముందు టీ తాగి, ఆ తర్వాత నుదుటికి పట్టీ కట్టుకుని కూర్చుంటారు. 2084లో అది కళ్లజోడు పెట్టుకున్నంత మామూలు సంగతి. ఆ రోజు పరంజ్యోతి కూడా అలాగే కూర్చుంది. ఎదుట అర్ధచంద్రాకారంలో ఆరు మానిటర్లు. ఒక్కో దాంట్లో ఒక్కో సొరంగం, అందులో మంచు తవ్వే మనుషులు.

పూర్వం ఎన్ని తెరలు పెట్టుకున్నా మెడనొప్పి తప్ప పెద్ద లాభం ఉండేది కాదు. మనిషి ఒక క్షణంలో మనసు పెట్టి చూసేది ఒక్క తెరనే. డాక్టర్ కోదండం కనిపెట్టిన షణ్ముఖి అనే ఈ పట్టీ ఆ ఇబ్బంది తీర్చింది. పట్టీలోని న్యూరల్ సెన్సర్లు మనిషి ధ్యాసను నది పాయల్లా ఆరుగా చీలుస్తాయి. ఒక్కో ధ్యాసపాయ ఒక్కో తెరను అంటిపెట్టుకుని చూస్తుంది, ఆలోచిస్తుంది, మనసులోంచే యంత్రాలకు ఆజ్ఞలిస్తుంది. పట్టీ తీసేస్తే పాయలన్నీ కలిసిపోయి, జ్ఞాపకాలు ఒక్కటవుతాయి. షణ్ముఖి వచ్చాక కంట్రోల్ రూమ్‌లో మిగతా అయిదు కుర్చీలూ తీసేశారు.

పగలు పదకొండింటికి నాలుగో సొరంగంలో గాలి పీడనం పడిపోయింది. అలాంటి హెచ్చరిక ఎవరి కళ్లూ తప్పించుకోకూడదని, ఆరు తెరల మీదా ఒకేసారి ఎర్రదీపం వెలిగే ఏర్పాటు చేశారు. తలుపు మూసి ఆక్సిజన్ వదలమని ఒక్క ఆజ్ఞ ఇస్తే చాలు. నాలుగు నిమిషాల పాటు ఆ ఆజ్ఞ వెళ్లలేదు. డ్రిల్లింగ్ మేస్త్రీ నాగూర్ మీరా చనిపోయాడు. కెమెరా వైపు చూసి, "అక్కా, దిగుతున్నాం" అని చెప్పందే లోపలికి అడుగు పెట్టేవాడు కాదతను.

కోదండం మూడు రోజులు రికార్డులన్నీ వెతికాడు. సెన్సర్లు బాగానే ఉన్నాయి. ఆమె కునుకు తీసిన ఆనవాళ్లు కూడా లేవు. చివరికి పరంజ్యోతిని పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"ఎర్రదీపం చూశారా అమ్మా?"

"వెలిగిన క్షణంలోనే చూశాను. ఆరు తెరల మీదా చూశాను, డాక్టర్ గారూ."

"మరి ఆజ్ఞ ఎందుకివ్వలేదు?"

 ఆమె కలిసిపోయిన జ్ఞాపకాలను ఒక్కొక్కటే విడదీస్తూ చెప్పింది. మొదటి తెర ముందున్న పాయకి అది నాలుగో తెర పని కదా అనిపించింది. రెండోదానికీ అంతే, మిగతావాటికీ అంతే. నాలుగో తెర ముందున్నది మాత్రం ఇంకోలా తలపోసింది. అందరూ చూస్తున్నారు, ఈపాటికి ఎవరో ఒకరు ఆజ్ఞ ఇచ్చే ఉంటారు, రెండోసారి ఇస్తే మూసుకున్న తలుపు మళ్లీ తెరుచుకుంటుందని జంకి ఊరుకుంది.

"అందరూ అంటే ఎవరు?" అన్నాడు కోదండం. "అక్కడున్నది మీరొక్కరే."

"అవును," అంది పరంజ్యోతి. "నేనొక్కదాన్నే."

మర్నాడు సమావేశం జరిగింది. గని అధికారులు, భద్రతా ఇంజనీర్లు, కోదండం, పరంజ్యోతి, అంతా కలిసి ఎనిమిది మంది. షణ్ముఖి అప్పటికి మరో తొమ్మిది గనుల్లో నడుస్తోంది. జరిగిందంతా కోదండం చెప్పాడు. ఆ తొమ్మిదింటికీ వెంటనే కబురు పంపి పట్టీలు తీయించేయాలని తీర్మానించారు. ఒక్కరు కూడా కాదనలేదు. బరువైన మొహాలతో లేచి వెళ్లిపోయారు.

రెండు రోజుల తర్వాత, మనసు బాగాలేక, పరంజ్యోతి ఏడో నంబరు గనిలో పనిచేసే స్నేహితురాలు ఉషశ్రీకి వీడియో కాల్ చేసింది. ఉషశ్రీ అప్పుడే డ్యూటీకి కూర్చోబోతూ, నుదుటికి పట్టీ కట్టుకుంటోంది.

"అదింకా వాడుతున్నారా?"

"వాడకపోతే ఎలా? ఏమైంది?" అంది ఉషశ్రీ.

ఆమెను లైన్లోనే ఉండమని పరంజ్యోతి కోదండానికి ఫోన్ చేసింది. ఆ కబురు భద్రతా ఇంజనీర్లు పంపేశారనుకున్నానని ఆయన తెల్లబోయాడు. ఇంజనీర్లను అడిగితే పైఅధికారి చూసుకున్నాడనుకున్నామన్నారు. ఆ అధికారి, యంత్రం కనిపెట్టిన డాక్టరే చెప్పి ఉంటాడనుకున్నాడు.

పరంజ్యోతికి కోపం ముంచుకొచ్చింది. వాళ్లను నిలదీయబోయి ఆగిపోయింది. ఆ సమావేశంలో తను కూడా ఉంది. నుదుటికి ఏ పట్టీ లేకుండా, చీలికలు లేని నిండు ధ్యాసతో ఉంది. అందరూ ఒప్పుకున్నారు కదా, ఎవరో ఒకరు చెప్పేస్తారులే అనుకుని, అందరితోపాటు లేచి వచ్చేసింది.

ఆమె ఉషశ్రీ వైపు తిరిగింది.

"ఉషా, ముందా పట్టీ తీసెయ్. నా కళ్లముందే తియ్యి."

ఉషశ్రీ బెదిరిపోయి తీసేసింది. ఏమైందో చెప్పమంది, మిగతా గనులవాళ్లకి తను కూడా చెబుతానంది.

"వద్దు," అంది పరంజ్యోతి. "నువ్వు చెప్పావేమోనని నేను ఊరుకుంటాను. వాళ్లందరికీ నేనే చెప్తాను."

కాగితం మీద మిగిలిన ఎనిమిది గనుల పేర్లూ రాసుకుని, మొదటి నంబరు నొక్కింది.