రిజర్వ్ చేసి తీసుకోని పుస్తకాలు

మూడో సైంటిస్టును పట్టపగలు బస్టాపులో, అందరూ చూస్తుండగానే కాల్చేశారు. జేబులో దొరికింది లైబ్రరీ నుంచి వచ్చిన ఉత్తరం ఒక్కటే: ‘మీ దగ్గరున్న పుస్తకాన్ని వెంటనే తిరిగి ఇవ్వగలరు.’

“మొదటి ఇద్దరి దగ్గరా ఇలాంటి ఉత్తరమే,” అన్నాడు చీఫ్, ఫైలు ముందుకు తోస్తూ. “ముగ్గురిదీ ఒకే రాడార్ ప్రాజెక్టు. ఎవరెవరు పనిచేస్తున్నారో బయట పురుగుకి కూడా తెలీదు. అవతలి ముఠాకి ఎలా తెలిసింది? ఇక మిగిలింది నాలుగో మనిషి. అతను కూడా పోతే ప్రాజెక్టు పోయినట్టే.”

“ఆ లైబ్రరీలో మన ఏజెంటు ఉంది కదా సార్?”

“ఇన్ఫర్మేషన్ ఆఫీసరు. ఆవిడకీ అంతు చిక్కట్లేదట. నువ్వెళ్ళు.” చీఫ్ గొంతు తగ్గించాడు. “అక్కడికి వెళ్ళడం నీకు కష్టమని తెలుసు.”

డిపార్ట్‌మెంటులో అతన్ని నక్షత్రకుడు అంటారు. పట్టుకుంటే వదలడు. అలాంటివాడు ఒకే ఒక్క కేసు వదిలేశాడు. రెండేళ్ళ క్రితం ఆ లైబ్రరీ మెట్ల మీంచి అతని అక్కని ఎవరో తోసి చంపేశారు. హ్యాండ్‌బ్యాగు పోయింది కనుక దొంగల పనే అని పోలీసులు తేల్చేశారు. కళ్ళ నీళ్ళతో అతనూ నమ్మేశాడు. అలా నమ్మినందుకు తన మీద తనకే అసహ్యం.

మూడింటికి ఖాకీ చొక్కా, అంటించుకున్న మీసం, టూల్‌బ్యాగుతో కంప్యూటర్ మెకానిక్కులా లైబ్రరీలో అడుగుపెట్టాడు. బ్యాగు అడుగు పొరలో పిస్టలు ఉంది.

ఇన్ఫర్మేషన్ ఆఫీసరు క్యాబిన్ లెండింగ్ కౌంటరు పక్కనే. చుట్టూ గాజు పార్టిషన్, పైన మాత్రం ఖాళీ. లోపల ఎర్ర ఫ్రేము కళ్ళద్దాల సుందరి. ఆమె ముందు టెలిఫోన్ రిసీవరు రెండు రబ్బరు కప్పుల్లో బోర్లా పడుకుని ఉంది. పక్కన టైపు మెషీన్ దానంతటదే టకటకలాడుతోంది.

“పాత అట్లాసు ఎక్కడుందండీ?” అన్నాడు.

“బైండింగుకి వెళ్ళింది,” అని ఆమె నవ్వింది. కోడ్ కలిసింది. “గట్టిగా మాట్లాడకు. ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్‌తో ఈ మెషీన్ ఫోన్లో కూతలు పెట్టి మాట్లాడుతుంది. బయటి చప్పుడు దూరిందా, అక్షరాలన్నీ చెత్తవుతాయి. నాలుగింటికి ముఖ్యమైన సెర్చ్ ఉంది. తలుపు గడియ పెట్టుకుంటాను, పిలవకు.”

కౌంటర్లో పెద్దావిడ కొత్త కంప్యూటర్‌ని కొత్త కోడల్ని సాధించినట్టు సాధిస్తోంది.

“బాగుచెయ్యి నాయనా. ఇదివరకు ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో నాకు నోటికి వచ్చేది. ఇప్పుడు ఈ చిల్లుల కార్డులు తప్ప ఎవరికీ ఏమీ తెలీదు.”

“ఎవరి దగ్గరుందో అడిగితే ఇది చెప్పదా?”

“చచ్చినా చెప్పదు. ఎవరైనా ఆ పుస్తకం రిజర్వ్ చేస్తే మాత్రం, ఉన్నవాళ్ళకి తిరిగివ్వమని ఉత్తరం కొడుతుంది. పేరు, అడ్రసు దాని మీదే.”

అతని చెయ్యి ఆగిపోయింది. “ఆ ఉత్తరాలు కవర్లలో పెట్టేదెవరు?”

“ఆ మేడమే. అడక్కుండానే సాయం చేస్తుంది, పాపం.” ఆవిడకి అసలు మంట వేరే ఉంది. వెనక అర చూపించింది. “ఇదిగో చూడు! మూడూ రాడార్ పుస్తకాలే. రిజర్వ్ చేస్తారు, రప్పిస్తారు, తీసుకెళ్ళరు. చదవనివాళ్ళకి పుస్తకమెందుకు? ఆ రిజర్వ్ తీరేదాకా పుస్తకం కార్డు ఈ రీడర్ మెషీన్లో పెట్టినప్పుడల్లా బజరు చెవులకి చిల్లులు పొడుస్తుంది.”

మూడు పుస్తకాల్లోనూ చీటీలున్నాయి. మూడింటి మీదా ఒకే కార్డు నంబరు.

నాలుగు వేల నూట డెబ్బై రెండు.

నక్షత్రకుడు ఆ నంబరు మళ్ళీ చదివాడు. అది అక్క కార్డు. “నాలుగు వేల నూట డెబ్బై రెండు, మర్చిపోకురా,” అని అక్క ప్రతి శనివారం అతన్ని పుస్తకాలకి పంపేది. హ్యాండ్‌బ్యాగుతో పాటు కార్డూ పోయిందని అతను లైబ్రరీకి చెప్పలేదు. చెప్పనందుకు కంప్యూటర్ లెక్కలో అక్క ఇంకా బతికే ఉంది. ముగ్గుర్ని చంపించింది ఆ కార్డే.

గడియారం నాలుగు కొట్టింది. క్యాబిన్ తలుపు గడియ పడింది. గాజులోంచి చూశాడు. ఆమె చేతిలో ఆ రోజు కంప్యూటర్ కొట్టిన ఉత్తరం ఉంది. దాన్ని చూస్తూ కీలు నొక్కుతోంది. నాలుగో మనిషి పేరు వెళ్ళిపోతోంది!

“అమ్మా, బజరు మోగించండి! ఆపకండి!”

జీవితమంతా జనాన్ని ‘ష్’ అన్న పెద్దావిడ ఒక్క ప్రశ్న అడగలేదు. మొదటి పుస్తకం కార్డు రీడర్లోకి తోసింది. రెండోది. మూడోది. మళ్ళీ మొదటిది. హాలంతా దద్దరిల్లింది. టైపు మెషీన్ కాగితం మీద పేరు రెండక్షరాల తర్వాత పిచ్చి గుర్తులైపోయింది.

అతను భుజంతో తలుపు బద్దలుకొట్టి ఫోన్ తీగ పీకేశాడు. పిస్టలు ఆమె నుదుటికి ఆనింది.

“నేను మీ మనిషిని!” అందామె.

“మెట్ల మీద మా అక్కతో కూడా అదే చెప్పావా?”

ఆమె దాచలేదు. “ఆవిడ మీద నాకేం పగ లేదు. రిజర్వ్ చెయ్యడానికి ఓ కార్డు కావాల్సి వచ్చింది, అంతే.”

అంతే! అతని వేలు బిగిసింది. రెండేళ్ళ కసి ఆ వేలి కొసకి వచ్చింది.

“లైబ్రరీలో తుపాకీ పేల్చకూడదు నాయనా,” అంది వెనక నుంచి పెద్దావిడ. “నీ మీసం ఊడింది. శనివారం తమ్ముడివి కదూ నువ్వు?”

అతను ఏడ్చేశాడు. పిస్టలు దించాడు, క్షమించి మాత్రం కాదు. ఒక్క క్షణంలో అయిపోయే చావు ఆమెకి చాలా తక్కువ అనిపించింది.

ఆమె బ్యాగులో అక్క కార్డు దొరికింది. “క్యాన్సిల్ చేసెయ్యనా?” అంది పెద్దావిడ.

“వద్దండీ. దాంతో పనుంది.”

ఆమెకి యావజ్జీవం పడింది. ఒంటరి గదిలో పిచ్చెక్కకుండా పుస్తకాలు కావాలని జైలు నుంచి లైబ్రరీకి ఫారం పంపింది. ఫారం తిరిగొచ్చింది: ‘ఇప్పటికే రిజర్వ్ అయింది. కార్డు నంబరు 4172.’ రెండో ఫారమూ అలాగే వచ్చింది. ఇరవయ్యోదీ అంతే.

పెద్దావిడ విసుక్కుంటూనే ఆ అరలో ఇంకాస్త చోటు చేసింది.